అక్క ఫారంలో నా మార్కులు

మా ఇంట్లో కంగారు మీద హక్కు నాది. పరీక్ష హాల్లో హాల్‌టికెట్ ఉందో లేదో చూసుకుంటూ అరగంట దాకా ప్రశ్నపత్రమే తెరవని ఘనత నాకుంది. అందుకే ఇంట్లో అందరికీ నేను ‘కంగారుబుట్ట’ని. అలాంటిది డాక్టరమ్మ ‘జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్’, అంటే కంగారు జబ్బు, అని రాసింది ఎవరికి? మా అక్కకి. నాకు ముద్దుపేరు, దానికి ప్రిస్క్రిప్షన్.

అక్క లెక్కల టీచరు. ఏడెనిమిది నెలలుగా ప్రతిదానికీ లోలోపలే బెంగపడిపోయేదట. ఒకరోజు చేతిలో సుద్దముక్కతో బోర్డు ముందు అలాగే నిలబడిపోయింది. గుండెకి, థైరాయిడ్‌కి పరీక్షలు చేశారు. ఏమీ లేదన్నారు. చివరికి డాక్టరమ్మ గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడితే విషయం తేలింది.

ఇక చూడండి వైభోగం! రోజుకో మాత్ర, వారానికో కౌన్సెలింగ్. పొద్దున్నే అమ్మ “నిద్ర పట్టిందా తల్లీ?” అని దాన్నే అడుగుతుంది. అన్నిటికంటే నా కడుపు మండించింది మాత్రం సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకా నడిచే ‘కంగారు టైం’. రోజంతా వచ్చిన భయాలన్నీ అప్పటికి వాయిదా వేసి, నోటుబుక్కులో రాసి, తన చేతిలో ఉన్నవేవో లేనివేవో విడదీయాలట. ఆ అరగంటా నాన్న టీవీ కట్టేస్తాడు. విజిల్ వేస్తుందని అమ్మ కుక్కరు కూడా పెట్టదు.

నా కంగారుది ఇరవై నాలుగు గంటల సర్వీసు. సెలవుల్లేవు. అయినా “నీకేంటే, నువ్వు మొదట్నుంచీ అంతేగా” అని తేల్చేస్తారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ‘ఇది ఆగిపోతే? అది పాడైతే?’ అని అడగడానికే జీతమిస్తారు. “నీలాంటివాళ్లు ఇంకో పదిమంది కావాలి” అంటాడు మా టీమ్ లీడరు. నాకు నేనొక్కదాన్నే ఎక్కువైపోయాను.

నెల తిరిగాక అక్కని మళ్లీ రమ్మన్నారు. అమ్మ నన్ను తోడు పంపింది. క్లినిక్‌లో నర్సు ఒక ఫారం చేతికిచ్చింది. ఏడు ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఏది ఎన్ని రోజులు వేధించిందో టిక్కు పెట్టాలి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. అక్క కళ్లజోడు ఇంట్లో మర్చిపోయింది.

“నువ్వే చదువు. నేను చెప్తాను, టిక్కులు పెట్టు” అంది. ఇంతలో స్కూలు నుంచి ఫోనొచ్చి వరండాలోకి వెళ్లింది.

ఖాళీ ఫారం కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆఫీసులో టెస్టింగ్ కోసం రోజుకి యాభై ఫారాలు లేని మనుషుల పేరుమీద నింపుతాను. మొదటి ప్రశ్న చదివాను. కంగారుగా, ఆదుర్దాగా ఉండటం. దాదాపు రోజూ. ఆపుదామన్నా ఆలోచనలు ఆగకపోవడం. దాదాపు రోజూ. స్థిమితంగా ఉండలేకపోవడం. రాత్రంతా పళ్లు బిగించి, పొద్దున్నే దవడ నొప్పితో లేస్తాను, నాకెక్కడి స్థిమితం? నన్ను ఇలా ఒక్కొక్కటిగా ఎవరూ అడగలేదు. కాగితమైనా అడుగుతోంది కదా అని గబగబా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. అది ఎవరి ఫారమో గుర్తొచ్చేసరికి నర్సు వచ్చి లాక్కుపోయింది. నేను నోరు తెరిచేలోపే మమ్మల్ని లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ కాగితం చూసి కనుబొమ్మలు ముడిచింది. “పదిహేడా? పోయినసారి పద్నాలుగే కదమ్మా.”

“అయ్యో, నాకు బాగానే ఉందండీ. నిద్ర కూడా పడుతోంది” అంది అక్క.

“మరి ఇందులో చాలావాటికి దాదాపు రోజూ అని ఉందే. ఇలాగైతే డోసు పెంచాల్సి రావచ్చు.”

అక్క బ్యాగు పట్టీని వేలికి చుట్టడం మొదలెట్టింది. బోర్డు ముందు ఆగిపోయిన రోజుల్లో చుట్టినట్టే. “అంటే... ఎక్కువైనా నాకే తెలీట్లేదాండీ?”

నెల్లాళ్లు కూడబెట్టుకున్న ధైర్యం నా కళ్లముందే జారిపోతోంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, అప్పుడు కూడా నాలో ఓ మూల ఏడుపే: మార్కులు నావి, డోసు దానికి!

“డాక్టరుగారూ, అవి నావి” అన్నాను.

“ఏవి?”

“మార్కులు. అది ఫోన్లో ఉంటే... నావే పెట్టేశాను.”

అక్క గిర్రున తిరిగింది. “ఏమే, చిన్నప్పుడు నా గౌన్లు, నా పెన్నులు అయ్యాయి. ఇప్పుడు నా జబ్బు కూడా కావాలా?”

“నీ జబ్బేంటే? నువ్వు నిన్నగాక మొన్న మొదలెట్టావు. నాది ఎప్పట్నుంచో!”

“ఎప్పట్నుంచి?” అంది డాక్టరమ్మ, పెన్ను కింద పెట్టి.

“చిన్నప్పట్నుంచీ. కానీ నేను మొదట్నుంచీ అంతేనండీ.”

“మొదట్నుంచీ ఉంటే బాధ కాకుండా పోతుందా?”

నా కళ్లల్లో నీళ్లొచ్చాయి. అక్క బ్యాగులోంచి రుమాలు తీసి నా ఒళ్లో పడేసింది. ఇంకా కోపంగానే ఉంది.

“మార్కులు చూసి జబ్బుకి పేరు పెట్టం” అంది డాక్టరమ్మ. “నిద్ర, ఒంటినొప్పులు, పనికి ఎంత అడ్డం, ఇంకేదైనా కారణముందా, అన్నీ చూడాలి. మీకంటూ విడిగా టైం తీసుకోండి. ముందు మీ అక్కయ్య ఫారం సరిగ్గా నింపండి.”

ఈసారి చదివాను. అక్క చెప్పింది, నేను పెట్టాను. తొమ్మిది. డోసు పెంచలేదు.

బయటికొచ్చి కౌంటరు దగ్గర లైన్లో నిలబడ్డాను. అక్క నా పక్కకొచ్చి నిలబడింది.

“నిజంగా పదిహేడేనా?”

“ఊఁ.”

“నాకు మొదటిరోజు కూడా పద్నాలుగే.” ఆ గొంతులోని కుళ్లు నాకు బాగా తెలుసు. నెలరోజులుగా నా లోపల మోగుతున్నది అదే.

“జన్మలో మొదటిసారి నిన్ను దాటాను” అన్నాను.

“సంబరపడ్డావులే. ఇన్నాళ్లూ చెప్పి చావొచ్చు కదే!”

“చెప్తే కంగారుబుట్ట అన్నారు.”

అక్క తల దించుకుంది. ఆ పేరు పెట్టింది అదే.

కౌంటరు ఆయన పేరు అడిగాడు. అలవాటుగా అక్క వైపు చూశాను. మోచేత్తో ఒక్కటి పొడిచింది. నా పేరు చెప్పాను. పది రోజుల దాకా ఖాళీ లేదన్నాడు.

“పది రోజులా? ఈలోపు ఏమన్నా అయితే?”

“ఈలోపు ఐదున్నర నుంచి ఆరు దాకా నీది” అంది అక్క. “నాన్న టీవీ సంగతి నేను చూసుకుంటా. నా అరగంటలోకి మాత్రం వచ్చావో, వీపు చిట్లగొడతా.”