తడి సున్నం

కల్లం నిండా ఎరుపు.

పరదాల మీద, బాట పక్కన, సమాధుల తోట గోడ దాకా — ఆరుతున్న మిరపకాయలు. గాలి వీస్తే గొంతు మండుతుంది.

ఈస్టరుకు ముందురోజు. అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేస్తున్నారు.

ఫెబా కూడా వచ్చింది. మొదటిసారి.

ఆమెకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. పోయిందని ఎవరూ చెప్పలేదు. "చీరాల ఆసుపత్రిలో ఉందమ్మా, వస్తుంది" అన్నారు. పక్కింట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. తరవాత ఒంగోలు హాస్టలు.

పెద్దయ్యాక తనే తెలుసుకుంది. తెలిసినా... చీరాల బస్సు కనిపిస్తే కిటికీల వంక చూస్తుంది. ఇప్పటికీ.

మొన్న కూతురు అడిగింది — అమ్మమ్మ ఎక్కడుందని.

"చీరాల ఆసుపత్రిలో" అనేసింది ఫెబా.

ఆ మాట తన నోట విని తనే భయపడింది. అందుకే వచ్చింది. అమ్మ ఉన్న చోటు చూడాలని. చూసి, కూతురికి నిజం చెప్పాలని.

మేనత్త కొండమ్మ సున్నం బకెట్టుతో ముందు నడిచింది. ఒకచోట ఆగింది. పక్కపక్కనే, రాళ్ళు పేర్చిన రెండు దిబ్బలు. సిలువలు లేవు. ఏ తుపానుకో కొట్టుకుపోయాయి.

"ఏది అత్తా?"

కొండమ్మ ఇటు చూసింది. అటు చూసింది.

"ఇదే అనుకుంటా... కాదు, అదేమోనే. రెండోది బుల్లయ్య వాళ్ళ నాయనమ్మది. వాడెటూ రాడు."

ఫెబా కుంచె పట్టుకుని నిలబడిపోయింది. ఇంత దూరం వచ్చి... ఇదీ తెలియకుండానే వెళ్ళాలా?

"ఏందే అట్టా నిలబడ్డావ్? రెండిటికీ వెయ్యి. పక్కింటికి గిన్నెడు పంపకుండా మీ అమ్మ ఏనాడన్నా తిందా? తనకొక్కదానికే వేస్తే నిన్నే తిడుద్ది."

అమ్మ గురించి ఒక మాట.

ఇన్నేళ్ళలో, మొదటి మాట.

ఫెబా మోకాళ్ళ మీద కూర్చుంది. మట్టి వెచ్చగా ఉంది. కుంచె ముంచింది. ఒక దిబ్బకి... మరో దిబ్బకి. సున్నం నీళ్ళలా జారింది. రాళ్ళ నలుపు నలుపుగానే ఉంది.

"తెల్లబడలేదేంటత్తా?"

"తడి మీద తెలుపు కనపడదే పిచ్చిదానా. ఆరాలి."

ఇద్దరూ కూర్చున్నారు.

"నవ్వేదా అత్తా, అమ్మ?"

"నవ్వా! కల్లంలో మీ అమ్మ నవ్విందంటే కాయలేరే ఆడాళ్ళంతా పని ఆపేవాళ్ళు. మేస్త్రి నెత్తి కొట్టుకునేవాడు."

"ఇంకా చెప్పు."

కొండమ్మ చెబుతోంది. గాలి వీస్తోంది. గొంతు మండుతోంది — ఘాటుకేనేమో...

రాళ్ళ అంచున, కొంచెం కొంచెంగా, తెలుపు.

ఏ దిబ్బ మీద ముందు వచ్చిందో ఫెబా చూడలేదు.