కొబ్బరికాయ పరీక్ష

జగపతికి బుద్ధి ఉన్నదని సుమయ్యా ఎన్నడూ అనుకోలేదు. తాతలనాటి భూములున్నయి, సర్పంచిగిరి చేసిన నోరున్నది, అంతే. జనగామ బయట తన పత్తి గోదాముల ఈ కొలిమి పెట్టిచ్చింది గూడ పేపర్ల ఫొటో కోసమే. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు, వచ్చినోళ్ళకల్ల దాన్ని చూపిచ్చి మురుస్తడు.

లోపట చాకిరంత ఇంజనీరు సుమయ్యాది. ఎంత మంటకు గూడ కరగని బిళ్ళల కోసం జిర్కోనియం కార్బైడ్ పొడిని గ్రాఫైట్ అచ్చుల నింపి, కాలుతుండంగనే ఒత్తి, గాలి తగలకుంట మెల్లగ చల్లార్చాలె. జర తొందరపడితే పగులుతది. ఎన్ని పగిలినంకనో అరచెయ్యంత బిళ్ళ ఒక్కటి నిక్కచ్చిగ వచ్చింది. హైదరాబాద్ ల్యాబ్ నుంచి అహల్య మేడం వచ్చింది, దాన్ని మంటల పెట్టి చూస్తదట. నిలిస్తే కొలిమి ఉంటది, లేకుంటే మళ్ళ పత్తి గోదామే అని జగపతి ముందే చెప్పిండు. ఆ మాట విన్ననాటి నుంచి సుమయ్యాకు అన్నం సయిస్తలేదు.

రెండు ఇటుకల మీద బిళ్ళను ఆనిచ్చి సుమయ్యా గ్యాస్ టార్చ్ సరిజేస్తుంటే, జగపతి తెల్లబట్టలల్ల కొబ్బరికాయ పట్టుకొని వచ్చిండు.

"కాయ కొట్టకుంటనే మొదలు పెడ్తరా?"

"గడప కాడ కొట్టు అన్నా."

"మూడువేల డిగ్రీలకు కరగని రాయి ఉండంగ గడప ఎందుకు? మేడం, మా సరుకు తాకత్ చూడుండ్రి."

"ఆగు అన్నా, అది వేడికి ఆగుతది గని దెబ్బకు..."

ఆగితే ఆయన జగపతి ఎట్లయితడు? చెయ్యెత్తి బిళ్ళ మీదనే కొట్టిండు. బిళ్ళ రెండు ముక్కలయి కింద పడ్డది. కాయకు గీత గూడ పడలేదు.

జగపతి అటు ఇటు చూసి, "సరుకు కచ్చాగున్నది మేడం, పిల్ల సరిగ కాల్చలే," అన్నడు.

సుమయ్యాకు ఒళ్ళు మండింది. థూ, గిసొంటోని కాడ కొలువా అనుకున్నది. పెద్ద ముక్కను ఏరి, ఇటుకల నడుమ బిగిచ్చి, టార్చ్ మంట అంటిచ్చింది. నల్లద్దాలల్లకెళ్ళి అహల్య చూస్తనే ఉన్నది. ముక్క ఎర్రబడ్డది, తెల్లబడ్డది, కండ్లు జిగేల్మనేటట్టు వెలిగింది. కరగలే, చిట్లలే. మంట ఆపినంక అంచులు ఎక్కడియి అక్కడనే ఉన్నయి.

"నిలబడ్డది," అన్నది అహల్య. "నిండు బిళ్ళ ఇంకోటి చెయ్యి సుమయ్యా, మళ్ళ వస్తా. కొలిమి మాత్రం ఆపకండి."

"చూసినవా, కాయ కొట్టినం గనుకనే," అని జగపతి మీసం దువ్విండు.

సుమయ్యా కిందపడ్డ కొబ్బరికాయను తీసి, దుమ్ము దులిపి, ఆయన చేతుల పెట్టింది.

"గిది గూడ పాసయింది అన్నా. మేడం మళ్ళ వచ్చిన్నాడు దీన్ని పట్టుకొని ఇంట్లనే ఉండు."