తాత రివాల్వర్‌కి తేలిక మందు

తాతల నాటి రివాల్వర్ కదా, మందు ఎక్కువైతే ఎక్కడ పేలిపోతుందోనని వెండెల్ భయం. అందుకే తూటాల్లో మందు సగానికి సగం తగ్గించి, మొంటానా ఎండలో పశువుల కొట్టం వెనక అట్టకి గురిపెట్టి కాల్చాడు. తుస్సుమంది. అట్టకి చిల్లు పడలేదు. మళ్లీ ట్రిగ్గర్ నొక్కబోతుంటే మేనత్త లొరేటా కేకేసింది.

"ఆగరా! గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉంటుంది. వెనక నుంచి రెండోది తగిలిందంటే నీ చెయ్యి ఎగిరిపోద్ది!"

వెండెల్‌కి బుర్ర తిరిగిపోయింది. "ఎక్కువైనా పేలుద్ది, తక్కువైనా పేలుద్ది! మరి ఎంత పెట్టాలత్తా?"

"ముసలాడి చేత మూటలు మోయించకూడదు, అలాగని పస్తులూ ఉంచకూడదు."

"అంటే ఎంత?"

"అది తేలకేగా మా నాన్న దీన్ని బతికున్నన్నాళ్లూ గోడకి తగిలించింది!"