అత్తగారి వ్యానుకి రేడియేటర్

అత్తగారి డ్రైవింగ్ లైసెన్సు శుక్రవారం సాయంత్రం అయిదింటితో ముగిసిపోతుంది. కార్డు మీద తేదీ మాత్రమే ఉంది. అయిదన్నది ఆఫీసు తలుపు మూసే వేళ కాబట్టి ఆవిడ సొంతంగా వేసుకున్న లెక్క. ఎనభై నిండాక పొడిగించాలంటే కంటి పరీక్ష నెగ్గాలి. పరీక్ష గది గోడ మీద అక్షరాల మాట దేవుడెరుగు, ఆవిడకిప్పుడు గోడే సరిగ్గా ఆనదు. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆలోగా ఆవిడ తన వ్యానుని ఒక్కసారైనా నడపాలి. అలాగని ఆవిడ ఎవర్నీ అడగలేదు. పెద్దల్లుడు, అతనే మెకానిక్కు, భోజనాల దగ్గర అందరి ముందూ మాటిచ్చేశాడు. "శుక్రవారానికి బండి కదుల్తుంది అత్తయ్యా, మార్కెట్ మైదానంలో మీరే నడుపుతారు," అన్నాడు. అన్నాక అన్నం దిగలేదు.

అతనికి అంత పట్టింపు ఎందుకంటే, ఆ వ్యానుని మూల కూర్చోబెట్టింది తానేనని అతని నమ్మకం. ఆవిడ ముప్పై రెండేళ్ళు దాంట్లో హోటళ్ళకి ఉతికిన దుప్పట్లు చేరవేసింది. గుండ్రటి ముక్కు, వెనకవైపు ఇంజిన్, గాలికే చల్లబడే పాతకాలం రకం. ఎనిమిదేళ్ళ కిందట అతను ఆ ఇంజిన్ని విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి ఇచ్చాడు. మూడో రోజున ఊరిబయట ఆయిల్ పైపు పగిలి, ఉన్న ఆయిలంతా రోడ్డుకి పోసి, ఇంజిన్ బిగుసుకుపోయి సీజైపోయింది. పైపు పగలడం ఎవరి తప్పూ కాదు. కానీ ఆయిల్ పోతే ముందర ఎర్రలైటు వెలగాలి, అది చూసి బండి ఆపాలి. "లైటు వెలగలేదా అత్తయ్యా?" అని అడిగాడు. "వెలగలేదు," అంది ఆవిడ. అంటే లైటు తీగ తగిలించడం అతను మర్చిపోయాడన్న మాట. తగిలించినట్టు గుర్తే, కానీ ఒట్టేసి చెప్పేంత గుర్తు కాదు. చూసుకుందామంటే అప్పటికే బావమరిది ఇంజిన్నీ తీగల్నీ పీకి పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు.

ఆ బావమరిది రేడియేటర్లు చేస్తాడు, వెనక వీధిలో షాపు. ఆ రోజు నడివీధిలో నలుగురి ముందూ, "మా బావ చెయ్యి పడితే నడిచే ఇంజినుకి కూడా నూకలు చెల్లిపోతాయి," అన్నాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. రాకపోకలున్నాయి, భోజనాలున్నాయి, మాటలే లేవు. మధ్యలో మెకానిక్కు భార్య, అంటే రేడియేటర్‌వాడి అక్క, టపా మోస్తూ ఉంటుంది. "అక్కా, ఆయన్ని ఉప్పు ఇటు జరపమను," అంటాడు ఉప్పు పక్కనే కూర్చున్న బావని చూడకుండా. ఆవిడ ఉప్పు జరపమని చెబుతుంది. అతను జరుపుతాడు.

ఇప్పుడు వ్యానుకి పెట్టబోయేది ఓ గుద్దుకున్న కారులోంచి తీసిన ఇంజిన్. అది నీళ్ళతో చల్లబడే రకం. నీళ్ళన్నాక రేడియేటర్ కావాలి, రేడియేటరన్నాక దానికి ఎదురుగాలి తగలాలి. అందుకని ఇంజిన్ వెనకే ఉన్నా, రేడియేటర్ని మాత్రం ముందు ముక్కులో పెట్టి, నేల కిందుగా పన్నెండడుగుల పైపులు రెండు నడపాలి.

"గాలి పీల్చి బతికిన బండి. ఇప్పుడు దీనికి నీళ్ళు కూడా పట్టాలా?" అంది అత్తగారు.

"పట్టాలత్తయ్యా. రోజులు మారాయి."

"మారినట్టే ఉన్నాయి. ఎటు మారాయో నాకే కనబడ్డం లేదు."

రేడియేటర్ చేసేవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడితోనే మాటల్లేవు. మెకానిక్కు వ్యాను ముక్కులో తలదూర్చి కొలిచి, భార్యకి కేకేసి చెప్పాడు. "అడ్డం ఇరవై, నిలువు పధ్నాలుగు. మీ తమ్ముడికి చెప్పు." ఆవిడ ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది. మెళ్ళో టేపు, చెవి మీద పెన్సిలు. చీటీ మీద రాసి పంపింది.

బుధవారం రేడియేటర్ వచ్చింది. మంచి రాగిపని, అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే గాని తెలియదు. పనితనంలో వాడికి వంక పెట్టడానికి లేదు, అందుకే మెకానిక్కుకి ఒళ్ళు మండింది. ఎత్తి ముక్కులో పెట్టబోతే దూరలేదు. తిప్పి పెట్టాడు. నూనె రాసి పెట్టాడు. చివరికి కొలిచి చూస్తే అడ్డం ఇరవై ఒకటి, నిలువు పదిహేను.

"మీ తమ్ముడు కావాలని చేశాడు!" అంటూ లోపలికొచ్చాడు. "శుక్రవారం నేను మాట పోగొట్టుకుంటే చూసి నవ్వుదామని!"

భార్య మిషను ఆపలేదు. "వాణ్ణంటావేం? చీటీలో ఉన్నట్టే చేశాడు."

"చీటీలో ఏముంది?"

"ఇరవై ఒకటి, పదిహేను."

"నేను చెప్పింది ఇరవై, పధ్నాలుగు."

"అవును. కుట్టుకి అంగుళం కలిపాను."

అతను గోడకి చేరగిలబడ్డాడు. "రేడియేటర్‌కి కుట్టేమిటే?"

"నాకేం తెలుసు, ఏదో ఒకటి అతుకుతారుగా! పాతికేళ్ళుగా ఎవరు ఏ కొలత చెప్పినా నా చెయ్యి అంగుళం కలిపే రాస్తుంది. వదులైతే బిగించుకోవచ్చు, బిగుతైతే ఏం చేస్తాం?" అని, మిషను ఆపింది. "అది బిగించుకోవడానికి రాదా?"

రాదు. మళ్ళీ చెయ్యాలంటే నాలుగు రోజులు. ఆవిడ చెప్పులేసుకుని వెనక వీధికి వెళ్ళి, తప్పు తనదేనని ఒప్పుకుని, గురువారం పొద్దున్నే తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వాడు వ్యాను ముక్కులోకి తొంగిచూసి, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అక్కా, నిలువు పట్టకపోతే వెనక్కి వాల్చమను. నిలబెట్టే తీరాలని రూలేం లేదు."

"వాల్చమంటున్నాడు," అంది అక్క.

"వినబడింది. వాలిస్తే నిలువు పడుతుంది, అడ్డం మాటేమిటో అడుగు," అన్నాడు మెకానిక్కు.

"అడ్డం ఏమిటంటున్నాడు."

"పక్కన బిగించే చెవులు రెండూ కోసేస్తా. చెవుల్లేకపోతే ఎలా నిలబడుతుందని అడుగుతాడు. కింద ఇనప తొట్టి కట్టమను, దాంట్లో కూర్చోబెడదాం."

"తొట్టి నేను కడతా. అదురుకి రాగి చిట్లకుండా కింద రబ్బరు వెయ్యాలని చెప్పు."

"ఆ మాత్రం తెలుసని చెప్పక్కా."

టేపు మెళ్ళో వేసుకుని అక్క ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకు కూర్చుంది. మూడడుగుల దూరంలో ఉన్న ఇద్దరు మగాళ్ళకి మధ్యాహ్నందాకా టపా అందించింది. ఒకసారి ఇద్దరూ ఒకేసారి "సుత్తి" అన్నారు. ఎవరి సుత్తి ఎవరికివ్వాలో తెలియక ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ లేనంతసేపూ పని ఆగిపోయింది.

సాయంత్రానికి రేడియేటర్ కూర్చుంది. నీళ్ళు పోశారు. అంత పొడుగు పైపుల్లో ఎక్కడో గాలి ఇరుక్కుపోయి, నీళ్ళు తిరగలేదు, ఇంజిన్ కుతకుతమంది. బండి ముందు చక్రాలు ఎత్తి దిమ్మల మీద పెట్టి, రేడియేటర్ నెత్తిన ఉన్న మర వదులు చేశారు. గాలి బుసబుసా పోయి, చివరికి మర దగ్గర నీళ్ళు ఒక్క బుడగ లేకుండా సన్నటి ధారగా వచ్చాయి. బావమరిది ఇంజిన్ వేపు చూసి, "బాగానే ఉంది," అన్నాడు. ఎవరితో అన్నాడో ఎవరూ తేల్చుకోలేదు.

శుక్రవారం మూడున్నరకి వ్యానుని మార్కెట్ మైదానానికి తోలుకెళ్ళారు. ఆ రోజు సంత లేదు గనక అంతా ఖాళీ. అక్కా తమ్ముడూ గోడ దగ్గర నిలబడ్డారు. అత్తగారు స్టీరింగ్ ముందు కూర్చుంది, మెకానిక్కు పక్కన కూర్చున్నాడు, హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యేసి.

ఆవిడ ఎక్కడా తడబడకుండా గేరు వేసింది. కళ్ళు ఎలా ఉన్నా చేతులకి అన్నీ గుర్తున్నాయి. మొదటి చుట్టు నిదానంగా, రెండో చుట్టు ధాటీగా. "ఎడమకి... చాలు... నేరుగా," అంటూ అతను దారి చెబుతున్నాడు. వేడి ముల్లు తొంభై దగ్గర కదలకుండా నిలబడింది.

"ఎర్రలైటు మీద కూడా ఓ కన్నేసి ఉంచండి అత్తయ్యా. తీగ ఈసారి రెండుసార్లు లాగి చూశాను," అన్నాడు, నవ్వబోతూ.

"వెలిగినా నాకు కనబడదు," అందావిడ. తర్వాత మలుపు తిప్పింది. "అప్పుడూ కనబడలేదు."

అతను ఆవిడ వేపు తిరిగాడు.

"బండి లాక్కెళ్ళడానికి వచ్చినవాడు చూసి చెప్పాడు, అమ్మా ఎర్రలైటు వెలుగుతోందీ అని. తాళం తీసేశాను. కళ్ళ సంగతి బయటపడితే లైసెన్సు పీకేస్తారు, అప్పటికింకా నడిపే ఓపిక ఉంది. నువ్వడిగితే వెలగలేదన్నాను. నీ మీదకి పోతుందని తెలుసు. నువ్వు నోరెత్తి దెబ్బలాడితే ఒప్పుకునేదాన్నేమో. నువ్వు తలొంచుకున్నావు."

అతనికి కోపం వచ్చింది. బాగా వచ్చింది. ఆ తీగ తగిలించానా లేదా అని ఎనిమిదేళ్ళు పని మధ్యలో చెయ్యి ఆపుకుని తలుచుకున్న మనిషి అతను. అరుద్దామనుకున్నాడు. కానీ ఆవిడ వేగం తగ్గించి, ఎటు తిప్పాలో అతను చెప్పడం కోసం చెవి ఇటు ఒగ్గింది.

"వాళ్ళ దగ్గర ఆపండి," అన్నాడు. "నాక్కాదు, వాడికి చెప్పండి."

"రేపు చెబుతా."

"ఇంకో గంట పోతే ఆ లైసెన్సు పీకేవాడెవడూ ఉండడు. ఇప్పుడే చెప్పండి."

ఆవిడ గోడ దగ్గర ఆపి, కొడుకున్న వేపు అంచనాగా చూస్తూ, అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. "మీ బావ తప్పు ఇసుమంతైనా లేదు," అంది చివర్న.

వాడి మొహంలో నెత్తురు లేదు. "అక్కా, ఆయనతో..." అని మొదలెట్టాడు.

"నేను చెప్పను," అంది అక్క. "మనిషి అక్కడే ఉన్నాడు."

అంతలో రేడియేటర్ పైపు దగ్గర ఒక చుక్క నేల మీద పడింది. మెకానిక్కు దిగి, స్పానర్ పట్టుకుని బండి కిందికి దూరాడు. కాసేపటికి పక్కన ఇంకో మనిషి పాక్కుంటూ వచ్చి వెల్లకిలా పడుకున్నాడు.

"బావా," అన్నాడు ఆ మనిషి. "బయటికెళ్ళాక కాళ్ళు పట్టుకుంటా."

"ముందు పైపు పట్టుకో."

వాడు రెండు చేతులా పట్టుకున్నాడు. మెకానిక్కు క్లిప్పు రెండు చుట్లు బిగించాడు. చుక్క ఆగిపోయింది. వాడు పైపు వదల్లేదు, కళ్ళనీళ్ళు చెవుల్లోకి పోతున్నా తుడుచుకోలేదు. మెకానిక్కు కూడా వదలమని చెప్పలేదు.

పైన అత్తగారు హారన్ కొట్టింది. "నాలుగున్నరైందట! నాకింకా అరగంట ఉంది, బయటికి రండి!"

"వస్తున్నాం అత్తయ్యా," అన్నాడు మెకానిక్కు. కానీ ఇద్దరూ వెంటనే రాలేదు.