రిమార్కుల గడి

టిఫిన్ బాక్సుకి మూత పెడుతుంటే వెనక నుంచి అత్తగారు అంది. "కూర్చునే ఉద్యోగమేగా, ఇవాళ పెందలాడే రా. నా మోకాలు డాక్టరుకి చూపించాలి."

కూర్చునే ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో కోడలి లైబ్రరీ ఉద్యోగానికి ఉన్న పేరు అదే. లైబ్రరీలో పుస్తకాలు వాటంతట అవే నడిచెళ్లి బీరువాల్లో పడుకుంటాయనీ, తన భార్య పని జోలపాడటమేననీ భర్త స్నేహితులకు చెప్పి నవ్విస్తుంటాడు.

లైబ్రరీ కంప్యూటరు ఎంత ముసలిదంటే, దాన్ని ఆన్ చేసి, తల దువ్వుకుని, జడ వేసుకుని వచ్చినా ఇంకా ఆవలిస్తూనే ఉంటుంది. అందులోని పుస్తకాల జాబితా మొత్తం ఆ సాయంత్రం అయిదింటికి కొత్త డిజిటల్ భాండారంలోకి మారిపోతుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చాలన్నా కమిటీ కూర్చోవాలి. అది కూర్చుని ఎన్నేళ్లయిందో కుర్చీలకే తెలియాలి.

మూడింటికి ఆ మార్పిడి చేసే ఇంజనీరు వచ్చాడు. "పాత జాబితాలో ప్రతి గడికీ కొత్తదాంట్లో చోటు చూపించాం మేడమ్. రిమార్కుల గడి ఒక్కటే వదిలేస్తున్నాం."

ఈ మాట ముందెవరూ చెప్పలేదు. దుమ్ము దులిపేవాళ్లను మీటింగులకు పిలవరు. "ఫలానావారి భార్య" అని మాత్రమే అచ్చయిన రచయిత్రులు ఆ లైబ్రరీలో ఆరువందల పన్నెండు మంది. పాత ఉత్తరాలు తిరగేసి, మనవరాళ్లను వెతికి అడిగి, వాళ్ల అసలు పేర్లు ఒక్కొక్కటీ ఆమె పట్టుకుంది. రచయిత గడిలో అట్ట మీద ఉన్నదే రాయాలని రూలు. అడిగితే వద్దంటారని, ఎవరినీ అడక్కుండా రిమార్కుల్లో రాసిపెట్టింది.

"ఆ పేర్లు రచయిత గడిలోకి పంపించండి. మిషనుకి చెబితే చాలుగా."

"మిషనుకేం తెలుస్తుంది మేడమ్? అదే గడిలో 'అట్ట చిరిగింది', 'ఎలుక కొరికింది' అని కూడా రాశారు. రేపు ఎవరైనా వెతికితే, ఎనభై పుస్తకాలు ఎలుకే రాసిందని చూపిస్తుంది." అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అలవాటు. "అయిదులోపు మీరే చేత్తో మార్చుకోండి. రూలు సంగతి నాకు తెలియనట్టే."

ఒక్కో పేరుకి మూడు నిమిషాలు. ఊపిరి పీల్చకుండా కొడితే అయిదులోపు నలభై పేర్లు. మిగతా వాళ్లంతా మళ్లీ ఎవరెవరి భార్యలో అయిపోతారు.

ఫోను మోగింది. భర్త.

"అమ్మ తయారై కూర్చుంది. బయల్దేరావా?"

"ఇవాళ రాలేను. మీరు తీసుకెళ్లండి."

"నాకు ఆఫీసు లేదా?"

"నాకూ ఉంది కదండీ."

"నీకేముంది? పుస్తకాలు ఎక్కడికి పారిపోతాయి?"

ఫోను సొరుగులో పెట్టి మూసింది. అంతమందిని వెతికి తెచ్చింది తనే, ఇప్పుడు వదిలెయ్యాల్సిందీ తనే. ఎవరిని ఉంచాలి? పేరున్నవాళ్లనా? వాళ్లను ఎప్పటికైనా ఎవరో ఒకరు వెతుక్కుంటారు. అకారం నుంచి వరసగానా?

ఇంట్లో అందరూ తిన్నాక, చివర కూర్చునేవాళ్లకి గిన్నెలో ఏం మిగులుతుందో ఆమెకు తెలుసు. జాబితాలో అట్టడుగు పేరు దగ్గరికి దిగి, అక్కడి నుంచి పైకి మొదలుపెట్టింది.