జూన్ దాకా ఆగమన్న మనిషి

ఫెడరల్ అధికారులు ఇద్దరు ఆరా తీయడానికి హాలిస్ దీవికి వస్తే, లోరెటా ట్వైఫర్డ్ వాళ్ళకి పాలు పోసి కాచిన ఆల్చిప్పల సూప్ పెట్టింది. ఇందులో ఆమెని తప్పుపట్టేవాళ్ళెవరూ ఫిబ్రవరిలో ఆ అఖాతం మీద లాంచీ ఎక్కి ఉండరు. తడిసి వణుకుతూ వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడించడం ఆ దీవిలో ఎవరికీ చేతకాదు. వాళ్ళు తిన్నారు, బాగుందన్నారు, ఇంకొంచెం వేయించుకున్నారు. ఆ తర్వాతే వాళ్ళలో చిన్నవాడు చెంచా పక్కన పెట్టి లోరెటా భర్త వెర్నన్‌ని అడిగాడు.

"జనవరిలో అమోస్ డైజ్ బిళ్ళలు తగిలించి అమ్మిన చేపలు ఎవరు పట్టారండీ?"

"అమోసే పట్టాడు," అన్నాడు వెర్నన్. "నా పడవలోనే ఉన్నాడుగా."

అమోస్ ఆ నెలంతా అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ముక్కుకి గొట్టంతో పడుకుని ఉన్నాడు. దీవిలో కుక్కలకి కూడా తెలుసా సంగతి.

ఆ నీళ్ళలో చారల చేప పట్టాలంటే ప్రతి జాలరికీ ఏటా కొన్ని ప్లాస్టిక్ బిళ్ళలిస్తారు. పట్టిన ప్రతి చేపకీ ఒక బిళ్ళ తగిలించాలి. ఒకరి బిళ్ళలు ఇంకొకరు వాడాలంటే సొంతదారు పడవలో ఉండి తీరాలి. కాగితం మీద సంగతి అది. దీవిలో సంగతి వేరు. మనిషి మంచాన పడితే అతని బిళ్ళలు స్నేహితుడు తీసుకెళతాడు, చేపలు పడతాడు, వచ్చింది ఆ ఇంట్లో ఇచ్చేస్తాడు. తాతల నాటి నుంచీ అంతే. అది నేరమని ఎవరైనా చెబితే దీవివాళ్ళు ముందు నవ్వేవాళ్ళు.

వెర్నన్ కూడా నవ్వేసి నిజం చెప్పేవాడే. కానీ అంతకు కాస్త ముందే పెద్ద అధికారి సూప్ ఊదుకుంటూ, ఇలాంటివి రుజువైతే బిళ్ళలు వాడనిచ్చినవాడి చేపలు పట్టే పర్మిట్టు రద్దవుతుందని అన్నాడు. అమోస్ వసంతం ఎప్పుడొస్తుందా, మళ్ళీ పడవెప్పుడెక్కుదామా అని ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. ఆ పర్మిట్టు పోతే వాడింక లేవడు. అంతే, వెర్నన్ నోరు జారింది.

కేసు వెర్నన్ మీదే పెట్టారు. కోర్టు అతనికి లాయరుగా నాడీన్ ఫెల్ప్స్ అనే ఆవిణ్ణి ఇచ్చింది. సన్నగా, చిరాగ్గా, ఎప్పుడూ జలుబుతో ఉండే మనిషి. బాల్టిమోర్‌లో ఆవిడ గదిలో కూర్చున్న మొదటి రోజే వెర్నన్ గాలి తీసేసింది.

"చేపల వరకే అయితే జరిమానా కట్టి ఇంటికెళ్ళేవారు," అంది. "మీకు జైలు చూపిస్తున్నది మీరన్న ఆ మాట."

"ప్రమాణం చేయించలేదు కదమ్మా నా చేత."

"ఫెడరల్ అధికారితో అబద్ధమాడటానికి ప్రమాణం అక్కర్లేదండీ. మీ వంటింట్లో, మీరు పెట్టిన తిండి ముందు ఆడినా నేరమే. నాకు ఫోన్ చేసేదాకా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది."

"ఇంటికొచ్చినవాళ్ళ ముందు నోరు మూసుకుని ఎలా కూర్చుంటానమ్మా?"

నాడీన్ ముక్కు తుడుచుకుంది. "మీ ఊరివాళ్ళందరూ ఇలాగే ఉంటారా?"

"లోరెటా నాకన్నా ఘోరం."

మొదటిసారి జడ్జి ముందుకెళ్ళే ముందు ఆవిడ అతన్ని వరండాలో పక్కకి తీసుకెళ్ళింది. విచారణ అయ్యేదాకా జైలు బయట ఉండనివ్వడానికి జడ్జి కొన్ని షరతులు పెడతాడని, కేసులో సాక్షులెవరితోనూ మాట్లాడకూడదని చెప్పింది. "సాక్షుల్లో అమోస్ డైజ్ పేరుంది. మీ ఎదురింటాయనట కదా. ఆయనతో మాట్లాడకుండా ఉండలేనంటే ఇప్పుడే చెప్పండి, జడ్జి సంతకం పెట్టకముందు అడిగితే ఆ ఒక్క పేరూ తీసేస్తారు. తర్వాత కష్టం."

"అక్కర్లేదు," అన్నాడు వెర్నన్.

అంతకుముందు రోజు లాంచీలో ఎవరో అన్నారు, అమోస్ ఆసుపత్రిలో అధికారులకి అంతా చెప్పేశాడని. వాడి పర్మిట్టు కోసం తను అబద్ధమాడితే వాడు తన మెడ పట్టుకుని వాళ్ళకి అప్పగించాడని వెర్నన్ లోపల్లోపలే తిట్టుకున్నాడు. చిన్నప్పుడు ఒకే పడవలో వాంతులు చేసుకుంటూ సముద్రం నేర్చుకున్నవాళ్ళు, ఒకడి గురించి ఒకడికి అంత తొందరగా చెడ్డ అనుమానం ఎలా వస్తుందో నాకు అర్థం కాదు. కానీ వస్తుంది. అప్పుడా 'అక్కర్లేదు' అన్న ఒక్క మాట మింగి ఉంటే తర్వాతి కథంతా లేకుండా పోయేది.

అమోస్‌ని ఇంటికి తెచ్చారు. ముందుగదిలో, కిటికీ పక్కన మంచం వేశారు. వెర్నన్ ఆ కిటికీ కనబడకుండా పెరటి గుమ్మంలోంచి రేవుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. చర్చి బయట అమోస్ కూతురు జాయిస్ కనిపిస్తే టోపీ సర్దుకుంటూ పక్కకి తప్పుకునేవాడు. వెర్నన్ ముందు అమోస్ మాట, అమోస్ ముందు వెర్నన్ మాట రాకుండా జనం జాగ్రత్తపడేవారు. చట్టానికి భయపడి మాట్లాడటం లేదని అందరూ అనుకున్నారు, ఒక్క లోరెటా తప్ప.

"జడ్జి వద్దన్నాడని కాదు నువ్వు పోనిది," అంది ఒకరోజు. "జడ్జి వద్దన్నాడని నీకు సంతోషంగా ఉంది."

మార్చిలో నాడీన్ కబురు పెట్టి అతన్ని బాల్టిమోర్ రప్పించింది. ప్రభుత్వంవాళ్ళు తమ దగ్గరున్న సాక్ష్యం ఇచ్చారని, అందులో అమోస్ మాటల రికార్డింగ్ ఉందని చెప్పి మీట నొక్కింది. ముందు ఆసుపత్రి యంత్రాల చప్పుడు, తర్వాత అమోస్ గొంతు, గాలి చాలక ముక్కలు ముక్కలుగా వినబడింది.

"వెర్నన్ కాక ఇంకెవడు పడతాడయ్యా నా చేపలు? వాళ్ళ నాన్న కాలు విరిగితే మా నాన్న పట్టాడు. మీ ఊళ్ళో పట్టరా?" అధికారి ఏదో అన్నాడు. "తప్పా? సరే, అయితే తప్పు నాది. బిళ్ళలు నావి కదా. నా పర్మిట్టు పట్టుకుపోండి. వాడి జోలికి మాత్రం వెళ్ళకండి."

వెర్నన్ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడని నాడీన్‌కి తెలిసింది, కిటికీ వైపు తిరిగి చీదుకుంది. తను కాపాడబోయిన పర్మిట్టునే వాడు తనకోసం అవతల పారేశాడు. అధికారులు దీవికి రావడానికి ముందే ఇదంతా చెప్పేశాడు. ఫోన్లో ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే ఇద్దరూ ఒకే మాట చెప్పేవాళ్ళు.

"నేను వాడి దగ్గరకి వెళ్ళాలమ్మా," అన్నాడు చివరికి.

నాడీన్ అర్జీ పెట్టింది. ప్రభుత్వ లాయరు ఒప్పుకోలేదు, జడ్జి విచారణ అయ్యాక చూద్దామన్నాడు. విచారణ జూన్‌లో. ఆవిడ స్వయంగా దీవికి వెళ్ళి అమోస్‌ని చూసి వచ్చింది. లాయరు వెళ్ళడానికి అడ్డు లేదు.

"కేసులో మనకి బలముంది," అంది తిరిగొచ్చి. "ఆ అధికారులిద్దరూ రాసుకున్నవి కలవడం లేదు. జనవరి గురించి అడిగామని ఒకాయన, ఈ సీజన్ గురించి అడిగామని ఇంకొకాయన. డిసెంబర్లో అమోస్ గారు నిజంగానే మీ పడవలో ఉన్నారు. ఆయనొచ్చి ఆ మాట చెబితే, మీరన్నది డిసెంబర్ మాటేమోనని జ్యూరీకి అనుమానం వస్తుంది. అనుమానం చాలు మనకి."

"వాళ్ళు జనవరి గురించే అడిగారమ్మా."

"నేను మిమ్మల్నిప్పుడు అడగలేదు కదండీ." కాస్త నవ్వి, మళ్ళీ చెప్పింది. "ఆయన మీకొక మాట చెప్పమన్నారు, అది అధికారులు అడిగినా దాచను. కేసు సంగతి కాదు, ఒక్క ముక్క. జూన్ దాకా కదలకుండా కూర్చోమనండి వాణ్ణి, అన్నారు."

"జాయిస్ ఏమంది?"

నాడీన్ కాగితాలు సర్దుతూ అంది. "ఏప్రిల్‌లో ఈస్టర్ పండగ దాటడం కష్టమని డాక్టరు చెప్పాడట."

దారి ఒకటుందని వెర్నన్‌కి తెలుసు, ఆవిడే ఎప్పుడో చెప్పింది. నేరం ఒప్పుకుంటే విచారణ ఉండదు. విచారణ లేకపోతే సాక్షులు ఉండరు, అమోస్ మళ్ళీ మామూలు ఎదురింటివాడు అవుతాడు. కానీ ఒప్పుకుంటే పడవ పోయినట్టే. జైలు తప్పినా చేపల పడవ ఎక్కనివ్వరు.

లోరెటా ఆ మాట విని రొట్టెల పిండి కలపడం ఆపేసింది. "అరవై ఏడేళ్ళొచ్చాయి. ఇప్పుడు ఆపేస్తే మళ్ళీ ఎక్కుతావా నువ్వు?"

"ఎక్కను."

"అమోస్ నిన్ను జన్మలో ఒక్కటి అడిగాడు, కూర్చోమని. అది కూడా చేతకాదా?"

"వాడు చచ్చిపోతే, లోరెటా, నేను పెరటి గుమ్మంలోంచి తిరిగిన సంగతి తెలిసే చచ్చిపోతాడు."

లోరెటా మళ్ళీ పిండి కలపడం మొదలుపెట్టింది. నాడీన్ మాత్రం గట్టిగానే చెప్పింది, ఇది తప్పు అని. లాయరుగా తప్పని ఒకసారి, మనిషిగా తనకి తెలియదని ఒకసారి. ఏప్రిల్ మొదట్లో వెర్నన్ కోటు వేసుకుని జడ్జి ముందు నిలబడి, అవునండీ, తెలిసే అబద్ధమాడానన్నాడు. అమోస్ పేరు షరతుల్లోంచి తీసేశారు. శిక్ష జూన్‌లో చెబుతామన్నారు.

ఆ సాయంత్రం లాంచీ దిగి, కోటు కూడా విప్పకుండా, వీధి గుమ్మంలోంచే ఎదురింటికి వెళ్ళాడు. అమోస్ సగానికి సగమైపోయాడు. కళ్ళు మాత్రం అవే.

"ఏరా, కేసు కొట్టేశారా?" అన్నాడు అమోస్.

"ఒప్పేసుకున్నా."

అమోస్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. గొట్టంలో గాలి గరగరలాడింది.

"కూర్చోమన్నానుగా."

"ఈస్టర్ దాటవని డాక్టరు చెప్పాడట్రా."

"డాక్టరు నన్నడిగాడా?" అమోస్ మోచేతి మీద లేవబోయి మళ్ళీ పడ్డాడు. "ఆ పసిపిల్లల గుజ్జు రెండు పూటలా ఎందుకు మింగుతున్నాననుకున్నావు? రుచికా? కోర్టులో గంటసేపు కూర్చోవాలని రోజూ జాయిస్ చేత కుర్చీలో వేయించుకుంటున్నా. వెధవా, నీకోసం రా."

"నీతో మాట్లాడకుండా..."

"ఏం మాట్లాడతావు? ఇప్పుడు మాట్లాడు, వింటా."

వెర్నన్ మంచం పక్కన మోకరించి దుప్పటి అంచు పట్టుకున్నాడు. అమోస్ తిట్టి తిట్టి అలసిపోయి, చివరికి వాడి తలమీద చెయ్యి వేశాడు.

ఈస్టర్ వచ్చింది, వెళ్ళింది. అమోస్ వెళ్ళలేదు. మే నెలలో వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. జూన్‌లో జడ్జి వెర్నన్‌కి జైలు వేయకుండా, మూడేళ్ళపాటు చేపల పడవ ఎక్కకూడదని తీర్పిచ్చాడు. విచారణ జరగాల్సిన వారంలో అమోస్ కర్ర పట్టుకుని రేవు దాకా నడిచాడు. ఊరంతా చూసి చప్పట్లు కొట్టింది. లోరెటా లోపలికెళ్ళి తలుపేసుకుంది. దేవుడికి దణ్ణం పెట్టుకోవాలో, దేవుణ్ణి తిట్టాలో తెలియలేదామెకి.

పడవని అవతలి ఒడ్డునుంచి వచ్చిన ఎవరో కొనుక్కుపోయారు. వెర్నన్‌కి ఇప్పుడు పని లేదు, కావలసినంత పొద్దుంది, అదంతా అమోస్ వాకిట్లోనే గడుస్తుంది. చలి మొదలై చారల చేపలు మళ్ళీ వచ్చాయి. ఒక ఉదయం కుర్రాళ్ళ పడవలు వరసగా బయటికి పోతుంటే ఇద్దరూ కాఫీ కప్పులు పట్టుకుని చూస్తున్నారు.

"డాక్టరు చెప్పిన టైముకి పోవలసింది రా నేను," అన్నాడు అమోస్.

"ఆ మాటంటే లేచి పోతా."

"పొద్దున్నే లేచి నా కిటికీ వైపు చూస్తావు నువ్వు. దీపం ఉందా లేదా అని. నాకు కనబడుతుంది." పడవల మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "దీపం ఉందని చూసి సంతోషపడ్డాక, దాని వెనకాల, పడవ ఊరికే పోయిందన్న ఆలోచన ఇంకోటి వస్తుందా? నిజం చెప్పు."

వెర్నన్ కప్పులోకి చూశాడు. 

"వస్తుంది," అన్నాడు.

"ఊఁ. నాకూ వస్తుంది," అన్నాడు అమోస్. దుప్పటి భుజాల మీదకి లాక్కోబోయాడు, చేత కాలేదు. వెర్నన్ లేచి, దాన్ని మెడ దాకా కప్పి, తన కుర్చీని ఇంకొంచెం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.