విడివిడిగా కూర్చోండి

చీర అంచులకు అంటిన బురద ఆరకుండానే పన్నెండుమంది ఆడవాళ్ళను తీసుకొచ్చి ఏసీ గదిలో కూర్చోబెట్టారు. పొద్దుటి పని ఇంకా సగంలోనే ఉంది. బెంగాల్లోని ఈ సాల్ట్ లేక్‌లో ఆఫీసు బస్సులు వచ్చే వేళకి రోడ్లు శుభ్రంగా ఉండాలని రోజూ కేకలేసే సూపర్‌వైజర్ దాదా, ఇవాళ చీపుళ్ళు అక్కడే పడేసి రమ్మన్నాడు. అప్పుడే జగ్గమ్మ గుండెల్లో రాయి పడింది.

ఊడ్చే యంత్రం వస్తోందని, కొందరినే ఉంచుకుంటారని, ఎవరిని ఉంచాలో పరీక్ష పెట్టి తేలుస్తారని తెలుగు కూలీలుండే ఖిదిర్‌పూర్ లైన్లలో నెల్లాళ్ళుగా చెప్పుకుంటున్నారు. ఆ పరీక్ష ఇదేనన్నమాట.

పక్క కుర్చీలో తవిటమ్మ వణుకుతోంది. ఏసీ చలికో, భయానికో. ఓడరేవు డాకులో మూటలు మోసిన ఆమె మొగుడు నడుం విరిగి మంచం పట్టాడు. ఇప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈవిడ జీతం మీదే.

“ఒలే జగ్గీ, ఏటి అడుగుతారే? నాకు అచ్చరం ముక్క రాదు.”

“రాసేది నేదంట అప్పా. ఏవో బొమ్మలంట. బెంగెట్టుకోకు.”

పరీక్ష పెట్టే అమ్మాయి సాహిత్య. హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం చదువుకుని ఈ కాంట్రాక్టు కంపెనీలో చేరింది. తెలుగువాళ్ళను తెలుగమ్మాయి చేతే తూకం వేయిస్తే గొడవుండదని పైవాళ్ళ ఆలోచన. ఎంత ముందుచూపు!

“భయపడకండమ్మా,” అంది సాహిత్య. “తెలివి అంటే చదువు కాదు. కొత్త చిక్కు వచ్చినప్పుడు దారి వెతుక్కోవడమే తెలివి. దానికి తోడు ప్రేరణ కూడా ఉండాలి. అంటే, పొద్దున్నే లేచి పనికి రావాలని మీకెందుకు అనిపిస్తుంది?”

“రాపోతే దాదా ఊరుకుంతాడేటి మేడమ్?” అంది వెనక నుంచి రమాకుమారి. గదంతా గొల్లుమంది.

సాహిత్యా నవ్వింది. “అది బయటి నుంచి వచ్చే ప్రేరణ. మరి లోపలి నుంచి వచ్చేది?”

జగ్గమ్మకి ఒకటి తోచింది గానీ చెప్పడానికి సిగ్గేసింది. తను మానేస్తే ఆ వీధంతా అక్కలాంటి తవిటప్ప ఒక్కతే ఊడ్చుకోవాలి. అందుకే జ్వరమొచ్చినా లేచి వస్తుంది. దీనికి ఇంత పెద్ద పేరుంటుందని ఆమెకేం తెలుసు?

ఒక్కొక్కరి ముందు ఎరుపూ తెలుపూ చెక్కముక్కలు పెట్టారు. కాగితం మీద ఉన్న బొమ్మలాగా, గంట కొట్టేలోపు పేర్చాలి. జగ్గమ్మ చేతులు చకచకా ఆడాయి. బొమ్మ పూర్తయింది. పక్కకి చూస్తే తవిటమ్మ ఇంకా రెండో ముక్క దగ్గరే తడుముకుంటోంది.

వీళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో చీపురు పట్టిన మొదటి ఆడవాళ్ళ నాటి నుంచీ నడుస్తున్నదే. తన వంతు అయిపోయిన మనిషి చేతులు కట్టుకుని నిలబడదు. పక్కమనిషి వంతులోకి ఎదురు ఊడ్చుకుంటూ వెళుతుంది. ఇద్దరూ ఎక్కడ కలిస్తే అక్కడికి పని అయినట్టు. జగ్గమ్మ చేతులకి ఇది వీధి కాదు, పరీక్ష అని తట్టలేదు. కుర్చీ జరుపుకుని తవిటమ్మ ముక్కలు అవతలి చివర నుంచి పేర్చడం మొదలుపెట్టింది. అది చూసి రమాకుమారి తన పక్కావిడ బల్ల దగ్గరికి లేచింది. క్షణంలో గదంతా సంత.

“అయ్యో, అలా చేయకూడదమ్మా! ఎవరిది వాళ్ళే!” సాహిత్య కంగారుపడింది.

దాదా దొంగతనం పట్టుకున్నట్టు అరిచాడు. కుర్చీలు దూరంగా లాగించి మళ్ళీ పెట్టించారు. ఈసారీ జగ్గమ్మే ముందు పూర్తిచేసింది. తవిటమ్మ ముక్కల్ని అటూ ఇటూ తిప్పుకుంటుంటే చూస్తూ ఊరికే కూర్చోవడం ఆమెకి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. గంట కొట్టేశారు.

దాదా ఫలితాలు చదివాడు. జగ్గమ్మ మొదటిది, ఇకనుంచి టీమ్ లీడర్. రమాకుమారి రెండోది. నలుగురు వచ్చే నెల నుంచి రానక్కర్లేదు. అందులో తవిటమ్మ ఒకతె.

తవిటమ్మ ఏడవలేదు. “పోన్లేయే. నాకు తెలివి నేదని నాకు మాత్తరం తెల్దేటి?” అంది మెల్లగా.

ఆ మాట జగ్గమ్మ భరించలేకపోయింది. బస్సెక్కడం కూడా రాని రోజుల్లో తనకి నాలుగు బెంగాలీ మాటలు నేర్పి పనిలోకి తెచ్చిన మనిషి ఈవిడ. చెక్కముక్కలు చూపించి ఆమె చేతే ఆమెను మొద్దని ఒప్పించేశారే! పని పీకెయ్యడం ఒక ఎత్తు, ఇది ఇంకొక ఎత్తు.

“మేడమ్, సాయమెల్లినందుకు మార్కుల్నేవా?”

“అది ఈ పరీక్షలో కొలవరమ్మా. ఇది ఒక రకం తెలివినే చూస్తుంది. దీన్ని పట్టుకుని మనుషుల్ని తీసెయ్యకూడదని పైకి చెప్పాను కూడా.”

“సెప్తే ఏటన్నారు?”

సాహిత్య తలొంచుకుంది. “నాదీ ఉద్యోగమే కదమ్మా,” అంది.

దాదా నారింజరంగు లీడరు కోటు పట్టుకుని జగ్గమ్మ ముందు నిలబడ్డాడు. ఫొటో తీయడానికి రెండో చేతిలో ఫోను. “జల్దీ పెహనో,” అన్నాడు.

జగ్గమ్మకి భయమేసింది. కూతురు జ్యోతిరాణి నర్సింగు చదువుతోంది. లీడరైతే జీతం పెరుగుతుంది. కాదంటే ఉన్నది కూడా ఊడుతుంది. ఇదంతా ఆమెకి తెలుసు.

“నాను తొడగను దాదా.”

ఎందుకు వద్దంటోందో దాదాకి అర్థం కాలేదు. తొడగకపోతే తీసేసేవాళ్ళలో ఐదో పేరు నీదేనన్నాడు.

“రాసుకో. మా యప్పని తీసేసి నన్ను తెలివైందాన్నంటే, ఆ తెలివి నాకొద్దు.”

తవిటమ్మ ఆమె చెయ్యి పట్టుకు లాగింది. “సచ్చిపోతావే, తొడుక్కోయే!” అని బతిమాలింది. జగ్గమ్మ కదల్లేదు.

దాదా భుజాలెగరేసి, ఆ కోటు తీసుకెళ్ళి రెండోదానివి నువ్వే కదా అంటూ రమాకుమారి ముందు చాపాడు. ఆమెకి ఇంట్లో చంటిపిల్ల ఉంది, మొగుడికి పని లేదు. గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. రమాకుమారి కోటు వైపు చూసింది, జగ్గమ్మ వైపు చూసింది. చేతులు ఒళ్ళోనే బిగించుకుని కూర్చుంది. దాదా చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.